ఇంట్లో ఆఫీసు అమర్చుకోవడం ఎలా: కొలతల నుంచి మొదటి వారం సర్దుబాట్ల దాకా

ఇంటి నుంచి పనిచేయడానికి సిద్ధమవుతున్నవారు తరచుగా అడిగేది "ఏ కుర్చీ కొనమంటారు?" అని. మీ మోకాలి ఎత్తు, మోచేతి ఎత్తు, వాడబోయే బల్ల ఎత్తు తెలియకుండా ఆ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పినా అది ఊహే అవుతుంది. అందువల్ల ఇక్కడ కొలతలు ముందు, కొనుగోళ్లు తరువాత వస్తాయి. పని స్వభావం, శరీరం కొలతలు, చోటు, కుర్చీ, బల్ల, తెర, వెలుతురు, కరెంటు, ఇంటర్నెట్, శబ్దం, భద్రత అనే ఈ వరుసలోనే ముందుకు సాగండి. వరుస తప్పితే ఒక వస్తువు లోపాన్ని సరిదిద్దడానికి మరో వస్తువు కొనవలసి వస్తుంది.

1. కొనే ముందు: పని లెక్క, ఒంటి కొలతలు

ముందుగా ఒక కాగితం మీద మీ మామూలు పనిదినాన్ని గంటల లెక్కన రాసుకోండి. వీడియో కాల్స్‌లో ఎంతసేపు గడుస్తుంది, టైపింగ్ ఎంత, కాగితాలు పరచుకుని చూడవలసిన పని ఎంత, ఇతరులు వినకూడని సంభాషణలు ఎన్ని అన్నవి తేలితే సగం నిర్ణయాలు వాటంతట అవే అయిపోతాయి. రోజులో ఎక్కువ భాగం కాల్స్‌లో గడిపేవారికి పెద్ద మానిటర్ కన్నా తలుపు మూసుకోగల గది, మంచి మైకు అవసరం. లెక్కల పట్టికలతో పనిచేసేవారి విషయం దీనికి తలకిందులుగా ఉంటుంది.

తరువాత టేపు తీసుకోండి. పనిచేసేటప్పుడు చెప్పులు వేసుకుంటే చెప్పులతో, లేకపోతే ఒట్టి కాళ్లతో, గట్టిగా ఉన్న కుర్చీ లేదా స్టూలు మీద నిటారుగా కూర్చుని మరొకరి చేత ఈ నాలుగు కొలతలు తీయించుకోండి.

- మోకాలి ఎత్తు: నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు. కుర్చీ సీటు ఉండవలసిన ఎత్తు దాదాపు ఇదే.
- తొడ పొడవు: పిరుదుల వెనుక అంచు నుంచి మోకాలి వెనుక మడత వరకు. సీటు లోతు దీనికన్నా 5 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి.
- మోచేతి ఎత్తు: భుజాలు వదులుగా వేలాడదీసి, చేతిని మోచేతి దగ్గర మడిచినప్పుడు సీటు నుంచి మోచేతి కింది భాగం వరకు.
- కంటి ఎత్తు: నేల నుంచి కంటి వరకు.

మోకాలి ఎత్తుకు మోచేతి ఎత్తును కలిపితే కీబోర్డు మీటలు ఉండవలసిన ఎత్తు వస్తుంది. ఉదాహరణకు మోకాలి ఎత్తు 42 సెంటీమీటర్లు, సీటు నుంచి మోచేతికి 22 సెంటీమీటర్లు అనుకుంటే మీటలు నేల నుంచి 64 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కీబోర్డు మందం 2 సెంటీమీటర్లు తీసివేస్తే బల్ల పైభాగం 62 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. దుకాణాల్లో దొరికే బల్లలు ఎక్కువగా 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తుతో వస్తాయి. అంటే ఈ వ్యక్తికి మామూలు బల్ల పది సెంటీమీటర్లకు పైగా ఎక్కువ ఎత్తు. ఎంత ఖరీదైన కుర్చీ కొన్నా ఈ తేడా పూడదు. భుజాలు రోజంతా పైకి లేచి ఉంటాయి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, నింద మాత్రం కుర్చీ మీద పడుతుంది.

ఈ తేడాను మూడు రకాలుగా సరిచేయవచ్చు. మొదటిది, కుర్చీని బల్లకు తగినంత ఎత్తు పెంచి, పెంచినంత ఎత్తు గల పాదపీఠం కాళ్ల కింద పెట్టుకోవడం. రెండవది, బల్ల కింద జారే కీబోర్డు పలక బిగించుకోవడం. అయితే పలక కింద తొడలకు చోటు మిగులుతుందో లేదో ముందే కొలిచి చూసుకోవాలి. మూడవది, ఎత్తు మార్చుకోగల బల్ల కొనడం. వీటిలో మొదటిది అన్నిటికన్నా చవక, చాలామందికి అదే సరిపోతుంది. బల్ల చెక్కదైతే కాళ్లు కోయించడం కూడా ఒక మార్గమే కానీ, అదే బల్లను మరింత పొడుగైనవారు కూడా వాడేటట్లయితే ఆ పని చేయకండి.

2. చోటు ఎంచుకోవడం

విశాలమైన హాలు మూల కన్నా తలుపు ఉన్న చిన్న గది మేలు. గది కుదరనప్పుడు ఇంట్లోవారు అటూ ఇటూ నడిచే దారికి దూరంగా, వెనుక గోడ ఉండే మూలను చూసుకోండి. వెనుక గోడ ఉంటే కాల్‌లో కెమెరాకు ఇంటి కదలికలు కనబడవు.

బల్ల కొనక ముందే దాని పొడవు, వెడల్పు కొలతలతో నేల మీద పాత వార్తాపత్రికలు పరచి చూడండి. మానిటర్, కీబోర్డు పెట్టుకునే బల్లకు 120 సెంటీమీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల లోతు ఉంటే సుఖంగా ఉంటుంది. లోతు 60 సెంటీమీటర్లకు తగ్గితే తెర మొహం మీదికి వచ్చినట్లు ఉంటుంది. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి బల్ల అంచు నుంచి మరో 90 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. తలుపు, అల్మరా తలుపు పూర్తిగా తెరిచి పత్రికలకు తగులుతున్నాయేమో చూడండి.

ఆ తరువాత అక్కడ ఏదో ఒక బల్ల వేసుకుని ఒక పూర్తి పనిదినం గడపండి. ఉదయం ఎండ ఎటు పడుతుంది, మధ్యాహ్నం గది ఎంత వేడెక్కుతుంది, ఏ వేళలో బయటి చప్పుడు ఎక్కువ, ఫోన్ సిగ్నల్ ఎలా ఉంది అన్నవి ఒక్క రోజులో తేలిపోతాయి. మంచం మీద పనిచేయడం గురించి వేరే చెప్పనక్కరలేదు. నడుముకు ఆనుడు, చేతులకు ఆధారం రెండూ లేని చోటు అది.

చోటు ఖాయం చేసే ముందు చూడవలసినవి:

- గోడ సాకెట్ చేతికందే దూరంలో ఉందా
- కిటికీ పక్కకు వచ్చేలా బల్ల వేయవచ్చా
- ఏసీ లేదా ఫ్యాను గాలి నేరుగా మొహానికి తగులుతుందా
- తలుపు మూసినా గాలి ఆడే మార్గం ఉందా
- పని అయిపోయాక ఆ చోటు కళ్లముందు లేకుండా చేయగలరా

3. కుర్చీ, బల్ల, తెర: అడుగు నుంచి పైకి

సర్దుబాటు ఎప్పుడూ పాదాల దగ్గర మొదలై కళ్ల దగ్గర ముగియాలి. చాలామంది ముందు మానిటర్ ఎత్తు సరిచేసి, తరువాత కుర్చీ ఎత్తు మారుస్తారు. కుర్చీ మారిన క్షణంలోనే మానిటర్ ఎత్తు మళ్లీ తప్పవుతుంది.

పాదాలు, సీటు. పాదాలు పూర్తిగా నేలకు లేదా పాదపీఠానికి ఆనాలి. తొడలు నేలకు సమాంతరంగా, లేదా మోకాళ్ల వైపు కాస్త వాలి ఉండాలి. వీపును కుర్చీకి ఆనించి కూర్చున్నప్పుడు సీటు ముందు అంచుకూ మోకాలి వెనుక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. వేళ్లు పట్టకపోతే సీటు మీకు మరీ లోతు అన్నమాట. జరిపే వీలు లేని సీటైతే వీపు వెనుక గట్టి దిండు పెట్టి లోతు తగ్గించుకోవచ్చు.

వీపు. నడుము లోపలికి వంగే చోట ఆనుడు ఉండాలి. కుర్చీకి అది లేకపోతే తువ్వాలు చుట్టి అక్కడ పెట్టి రెండు రోజులు చూడండి. హాయిగా అనిపిస్తే అప్పుడు దిండు కొనవచ్చు. పూర్తిగా 90 డిగ్రీల నిటారు కన్నా 100 నుంచి 110 డిగ్రీల వరకు వెనక్కి వాలి కూర్చోవడం నడుముకు తేలిక.

చేతి ఆనుడులు. మోచేతులు వాటిపై తేలికగా ఆనాలి, భుజాలను పైకి నెట్టకూడదు. వాటి వల్ల తరచుగా వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. అవి బల్ల అంచుకు తగిలి కుర్చీని ముందుకు జరగనివ్వవు, అప్పుడు మనిషి కుర్చీ అంచుకు జరిగి కూర్చుంటాడు, వీపు ఆనుడు వృథా అవుతుంది. ఎత్తు తగ్గించలేని ఆనుడులైతే విప్పి పక్కన పెట్టండి. నా దృష్టిలో తగని ఆనుడుల కన్నా అసలు లేకపోవడమే నయం.

కీబోర్డు, మౌస్. మోచేతి కోణం 90 నుంచి 110 డిగ్రీల మధ్య, మణికట్టు పైకీ కిందికీ వంగకుండా తిన్నగా ఉండాలి. కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్లను మడిచివేయండి. అవి లేపితే మణికట్టు పైకి వంగుతుంది. అంకెల భాగం ఉన్న కీబోర్డులో కీబోర్డు మధ్యభాగం మీ ఒంటి మధ్యకు ఎదురుగా రాకూడదు. జి, హెచ్ మీటల మధ్య గీత మీ బొడ్డుకు ఎదురుగా రావాలి. మౌస్ కీబోర్డును ఆనుకుని, అదే ఎత్తులో ఉండాలి. అంకెలు ఎక్కువగా కొట్టని వారికి అంకెల భాగం లేని చిన్న కీబోర్డు మంచిది, ఎందుకంటే మౌస్ ఆ మేరకు దగ్గరికి వస్తుంది.

తెర. చేయి చాచితే వేళ్లు తెరకు తగిలీ తగలనంత దూరం, అంటే 50 నుంచి 75 సెంటీమీటర్లు ఉంచండి. తెర పై అంచు కంటి ఎత్తుకు సమానంగా లేదా కాస్త కిందుగా ఉండాలి. దాన్ని 10 నుంచి 20 డిగ్రీలు వెనక్కి వంచండి. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం పనిచేసే కళ్లజోడు వాడేవారు మాత్రం తెరను ఇంకా దించుకోవాలి. లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి రోజంతా కూర్చుంటారు. అక్షరాలు చిన్నగా కనిపిస్తే ముందుకు వంగకండి, అక్షరాల పరిమాణం పెంచండి.

రెండు తెరలు ఉంటే, ఒకటే ఎక్కువగా వాడేవారు దాన్ని సూటిగా ఎదురుగా పెట్టి రెండవదాన్ని పక్కన కాస్త లోపలికి తిప్పి ఉంచాలి. రెండూ సమానంగా వాడేవారు రెండింటి కలయిక గీత ముక్కుకు ఎదురుగా వచ్చేలా అమర్చుకోవాలి. మొదటి రకం వాడకం ఉండి రెండవ రకం అమరిక చేసుకున్నవారే మెడ ఒక వైపు పట్టేసిందని బాధపడుతుంటారు.

నిలబడి పనిచేసే బల్లల గురించి ఒక మాట. కూర్చోవడం, నిలబడటం మధ్య మారుతూ ఉండటంలోనే వాటి ప్రయోజనం ఉంది. ఆరు గంటలు కదలకుండా నిలబడితే బాధ నడుము నుంచి కాళ్లకు మారుతుంది, అంతే. బల్ల ఎత్తు మారిన ప్రతిసారీ మోచేతి లెక్క మళ్లీ వర్తిస్తుంది.

4. ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నప్పుడు

ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు ఒకే ముక్క. మీటలు మోచేతి ఎత్తుకు వస్తే తెర ఒడిలో ఉంటుంది, తెర కంటి ఎత్తుకు వస్తే మీటలు ఛాతీ దగ్గరికి వస్తాయి. కాబట్టి రోజుకు రెండు గంటలకు మించి వాడేటట్లయితే ల్యాప్‌టాప్‌ను స్టాండు మీద లేదా గట్టి పుస్తకాల దొంతర మీద ఎత్తి, విడి కీబోర్డు, విడి మౌస్ వాడాలి. తక్కువ డబ్బుతో ఎక్కువ మార్పు తెచ్చే కొనుగోలు ఇదే. మానిటర్ దీని తరువాతే. పుస్తకాలు పెట్టేటప్పుడు అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి.

మానిటర్ కొనే ముందు ల్యాప్‌టాప్ పోర్టులు చూసుకోండి. యూఎస్‌బీ సీ రూపంలో ఉన్న ప్రతి పోర్టూ చిత్రాన్ని పంపదు. డిస్‌ప్లేపోర్ట్ సంకేతాన్ని మోసే పోర్టో, థండర్‌బోల్ట్ పోర్టో అయితేనే తెర వెలుగుతుంది. పోర్టు పక్కన ఉన్న గుర్తులు, తయారీదారు ఇచ్చిన వివరాలు చదవండి. ఒకే కేబుల్‌తో చార్జింగ్ కూడా కావాలంటే మానిటర్ లేదా డాక్ (ఒకే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు పలు పరికరాలను కలిపే పెట్టె) ఇచ్చే వాట్లు మీ చార్జరు వాట్లకు దగ్గరగా ఉండాలి. 4కే (3840×2160) తెరను పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ద్వారా కలిపితే సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదిలినట్లు కనిపిస్తుంది. అటువంటప్పుడు తెరను అనుమానించకండి, పోర్టునూ కేబుల్‌నూ చూడండి.

పరిమాణం సంగతికి వస్తే 24 అంగుళాలకు 1920×1080, 27 అంగుళాలకు 2560×1440 సరిపోతాయి. 27 అంగుళాల తెర మీద 1080 గీతలే ఉంటే అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. మానిటర్‌ను బల్ల అంచుకు బిగించే చేతికొయ్యకు (మానిటర్ ఆర్మ్‌కు) అమర్చదలచినవారు తెర వెనుక 75 లేదా 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు మర రంధ్రాలు ఉన్నాయో లేదో, బల్ల అంచు మందం బిగింపుకు సరిపోతుందో లేదో చూడాలి.

5. వెలుతురు

కంప్యూటరు తెరకు ఎదురుగా కిటికీ ఉంటే ప్రతిబింబం పడుతుంది, తెర వెనుక కిటికీ ఉంటే ఆ వెలుగు కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. అందువల్ల కిటికీ మీకు ఒక పక్కన రావాలి. పరీక్ష సులభమే: తెర ఆపివేసి మీ చోట కూర్చోండి. నల్లటి అద్దంలో ఏది మెరుస్తూ కనిపిస్తే అదే మీ శత్రువు. దీపమైతే జరపండి, కిటికీ అయితే కర్టెన్ వేయండి లేదా బల్ల తిప్పండి.

బల్ల మీద 300 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటే చదవడానికీ రాయడానికీ సరిపోతుంది. ఫోన్‌లోని లక్స్ మీటరు యాప్ కచ్చితంగా చెప్పలేకపోయినా తేడా పట్టిస్తుంది. పైకప్పు దీపం ఒక్కటే ఉంటే మీ నీడ మీ కాగితం మీదే పడుతుంది. బల్ల దీపాన్ని రాసే చేతికి అవతలి వైపు, అంటే కుడి చేత్తో రాసేవారైతే ఎడమ వైపు పెట్టండి. 4000 కెల్విన్ల (దీపం రంగును తెలిపే కొలత) దగ్గరి తెలుపు పగటి పనికి బాగుంటుంది. కొన్ని ఎల్‌ఈడీ దీపాలు కంటికి తెలియకుండా మినుకుమంటాయి. ఫోన్ కెమెరాలో దీపాన్ని చూసినప్పుడు చారలు కదులుతూ కనిపిస్తే ఆ దీపం పని బల్లకు వద్దు.

తెర కాంతిని గదికి తగ్గట్టు పెట్టడానికి దాని పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా మెరుస్తుంటే ఎక్కువైంది, బూడిద రంగుగా ఉంటే తక్కువైంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరాన ఉన్న వస్తువును 20 సెకన్లు చూసే అలవాటు కళ్లకు విశ్రాంతినిస్తుంది. గదిలో అంత దూరం లేకపోతే కిటికీలోంచి చూడండి.

6. కరెంటు

ఎక్స్‌టెన్షన్ బోర్డు మోయగలదో లేదో చూడటానికి బల్ల దగ్గర వాడే ప్రతి వస్తువు అడాప్టరు మీద రాసి ఉన్న వాట్లు కూడండి. ఒక్క నియమం మాత్రం ఎప్పుడూ దాటకండి: ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి మరో ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకోవద్దు. హీటరు, కెటిల్, ఇస్త్రీ పెట్టె ఆ బోర్డుకు పెట్టవద్దు. గోడ సాకెట్‌కు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు లోహపు ఒంటికి చేయి తగిలితే జివ్వుమంటే ఎర్తింగ్‌ను అనుమానించాలి. సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగినప్పుడు పరికరాలను కాపాడేది) కూడా ఎర్తింగ్ లేని చోట పూర్తి రక్షణ ఇవ్వలేదు.

కరెంటు పోయే అవకాశం ఉన్న చోట మొదటి బ్యాటరీ రూటరుకు కావాలి. ల్యాప్‌టాప్‌కు తన బ్యాటరీ ఉంది, రూటరుకు లేదు. చాలా రూటర్లు 12 వోల్టులతో, పది పదిహేను వాట్లతో నడుస్తాయి. నేరుగా 12 వోల్టులు ఇచ్చే చిన్న రూటరు యూపీఎస్ కొంటే బ్యాటరీ డీసీ కరెంటును ఏసీ కరెంటుగా మార్చి మళ్లీ డీసీగా మార్చే నష్టం ఉండదు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. కొనే ముందు రూటరు అడాప్టరు మీది వోల్టులు, ఆంపియర్లు, పిన్ను పరిమాణం సరిచూసుకోండి. ఇంటర్నెట్ ఫైబరు ద్వారా వస్తే గోడ దగ్గరి ఫైబరు పెట్టెకూ కరెంటు కావాలన్నది చాలామంది మరిచిపోతారు.

డెస్క్‌టాప్ వాడేవారు పెద్ద యూపీఎస్ కొనేటప్పుడు వీఏ (వోల్ట్ ఆంపియర్) అంకెను వాట్లుగా పొరబడవద్దు. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే మోస్తాయి. వాటిలో సాధారణంగా ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 84 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. లెక్క ప్రకారం 150 వాట్ల కంప్యూటరు అరగంటకు పైగా నడవాలి, కానీ నష్టాలు పోను అందులో సగానికే సిద్ధపడండి. ఫైళ్లు సేవ్ చేసి ఆపేందుకు అది చాలు. లేజర్ ప్రింటరును యూపీఎస్ బ్యాటరీ సాకెట్‌కు పెట్టకండి, అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

7. ఇంటర్నెట్

వేగం గురించి ఫిర్యాదు చేసే ముందు ఎక్కడ తగ్గుతోందో కనుక్కోవాలి. దీనికి మూడు చోట్ల ఒకే పరీక్ష చేయండి.

- ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటరుకు కలిపి
- రూటరు పక్కనే నిలబడి వైఫైతో
- మీ బల్ల దగ్గర వైఫైతో

మొదటి పరీక్షలోనే తక్కువ వస్తే తప్పు కనెక్షన్‌ది. మొదటిది బాగుండి రెండవది తగ్గితే రూటరుది. మూడవదే తగ్గితే గోడలది, దూరానిది. ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే సర్వీసు వారితో మాటలు కూడా తొందరగా తేలుతాయి.

డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోకండి. కాల్‌లో మీ మొహాన్ని, గొంతును మోసేది అప్‌లోడ్. ఒక స్పష్టమైన వీడియో కాల్‌కు రెండు వైపులా 3 నుంచి 4 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) కావాలి. ఇంట్లో ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయో అన్ని రెట్లు, పైన కొంత మిగులు చూసుకోండి. మీ మాట అవతలివారికి చేరడంలో ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే ఒకరి మాట మీద మరొకరి మాట పడుతుంది. ప్యాకెట్ల (ఇంటర్నెట్‌లో ప్రయాణించే చిన్న సమాచార ముక్కల) నష్టం ఒక శాతం దాటితే గొంతు ముక్కలవుతుంది.

మరో పరీక్ష ఉంది, దాదాపు ఎవరూ చేయరు. ఒక పెద్ద ఫైలును క్లౌడ్‌కు ఎక్కిస్తూ అదే సమయంలో పింగ్ (సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) చూడండి. మామూలుగా 20 మిల్లీసెకన్లు ఉన్నది 400కు ఎగబాకితే, మీ రూటరు కాల్ ప్యాకెట్లను ఫైలు ప్యాకెట్ల వెనుక వరుసలో నిలబెడుతోందని అర్థం. వేగం ఎక్కువ ఉన్న ఇళ్లలో కూడా కాల్స్ తెగడానికి తరచుగా ఇదే కారణం. రూటరులో ట్రాఫిక్ ప్రాధాన్య అమరిక, అంటే క్యూఓఎస్ ఉంటే దాన్ని వాడండి. లేకపోతే ఫోటోలు, బ్యాకప్‌లు పనివేళల్లో ఎక్కకుండా వాటి సమయం రాత్రికి మార్చండి.

బల్ల కదలనిదైతే రూటరు నుంచి ఈథర్‌నెట్ కేబుల్ లాగడమే అన్నిటికన్నా మంచి పరిష్కారం. క్యాట్ 5ఈ కేబుల్ కూడా 100 మీటర్ల వరకు ఒక గిగాబిట్ మోస్తుంది, ఖరీదైన కేబుల్ అక్కరలేదు. కేబుల్ కుదరకపోతే ఇలా చేయండి.

- రూటరును ఇంటి మధ్యకు, ఛాతీ ఎత్తుకు పైగా, లోహపు అల్మరాకూ చేపల తొట్టికీ దూరంగా పెట్టండి.
- రూటరు ఇచ్చే రెండు వైఫై బ్యాండ్లలో, బల్ల రూటరుకు దగ్గరైతే 5 గిగాహెర్ట్జ్, రెండు మూడు గోడల అవతలైతే 2.4 గిగాహెర్ట్జ్ వాడి చూడండి. మైక్రోవేవ్ నడిచేటప్పుడు కాల్ తెగితే మీరు 2.4లో ఉన్నారని అనుకోవచ్చు.
- 2.4లో 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. మిగిలినవి పక్క ఛానళ్ల మీద పడతాయి.
- రిపీటరు (వైఫై సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పరికరం) పెడితే సిగ్నల్ చచ్చిన చోట పెట్టకండి. సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చోట, సగం దారిలో పెట్టండి.

చివరగా ప్రత్యామ్నాయం. ఫోన్ హాట్‌స్పాట్‌ను ఇప్పుడే ల్యాప్‌టాప్‌కు కలిపి, పాస్‌వర్డ్ గుర్తుండేలా చేసి, దాని మీద ఒక నిజమైన కాల్ చేసి చూడండి. కనెక్షన్ పోయిన నిమిషంలో మొదటిసారి ప్రయత్నించే ప్రత్యామ్నాయం తరచుగా పనిచేయదు. ఫోన్ సిమ్ ఇంటి కనెక్షన్‌కు వేరైన సంస్థది అయితే ఇంకా మంచిది.

8. శబ్దం, కెమెరా

ముందు మీ సమస్య ఏదో తేల్చుకోండి. గది ఖాళీగా ఉండి గొంతు మారుమోగడం ఒకటి, బయటి చప్పుడు లోపలికి రావడం మరొకటి. మందం కర్టెన్లు, తివాచీ, పుస్తకాల అల్మరా, బట్టల స్టాండు మొదటిదాన్ని తగ్గిస్తాయి. గోడకు అంటించే నురుగు పలకలు కూడా మారుమోతనే తగ్గిస్తాయి, పొరుగింటి డ్రిల్లింగును ఆపవు. బయటి చప్పుడుకు తలుపు కింది సందు, కిటికీ అంచుల సందులు మూయాలి. గాలి వచ్చే ప్రతి సందూ చప్పుడుకు దారే.

మైకు నోటికి దగ్గరగా ఉండటం దాని ధర కన్నా ముఖ్యం. నోటి ముందు వచ్చే కొమ్ము ఉన్న మామూలు హెడ్‌సెట్, రెండడుగుల దూరాన ఉన్న ఖరీదైన మైకు కన్నా స్పష్టంగా వినిపిస్తుంది. అయితే కొమ్మును నోటికి ఎదురుగా కాక నోటి మూలకు పెట్టండి, ఊపిరి చప్పుడు తగలదు.

కెమెరా కంటి ఎత్తులో ఉండాలి, వెలుతురు మొహం మీద పడాలి. కిటికీ వెనుక ఉంటే మీరు నల్లని ఆకారంగా కనిపిస్తారు. పది నిమిషాలు రికార్డు చేసుకుని విని, చూసి సరిచేసుకోండి.

9. భద్రత

ఆఫీసులో ఇతరులు చూసుకునే పనులు ఇంట్లో మీ మీద పడతాయి. సంస్థ నియమాలు ఉంటే వాటికే మొదటి స్థానం. వాటితో పాటు ఇవి పూర్తిచేయండి.

- రూటరుతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు.
- వైఫై రక్షణ పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. బటన్ లేదా పిన్‌తో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయండి.
- అతిథులకు, టీవీకి, ఇతర స్మార్ట్ పరికరాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.
- రూటరు సాఫ్ట్‌వేర్ నవీకరించండి.
- డిస్కును సంకేతీకరించండి (ఎన్‌క్రిప్షన్), అంటే పాస్‌వర్డ్ లేనివారు చదవలేకుండా చేయండి. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉన్నాయి. పాస్‌వర్డ్ పనిచేయనప్పుడు డిస్కును తెరిచే రికవరీ సంకేతాన్ని అదే ల్యాప్‌టాప్‌లో దాచకండి.
- ముఖ్యమైన ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో ఆధారం కూడా అడిగేది) పెట్టండి.
- సొంత ఫైళ్లకు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట ఉండేలా చూడండి.

బ్యాకప్‌లోంచి ఒక ఫైలు తిరిగి తెరిచి చూసేదాకా బ్యాకప్ ఉన్నట్లు లెక్క కాదు. మీ పని ల్యాప్‌టాప్ ఎవరికీ ఇవ్వనని ఇంట్లోవారికి మొహమాటం లేకుండా మొదటి రోజే చెప్పేయండి.

10. ఇంట్లోవారితో ఒప్పందం

ఏ వేళల్లో అసలు పలకరించకూడదు, ఏ వేళల్లో పలకరించవచ్చు అన్నది నోటిమాటగా వదలకుండా తలుపుకు రాసి పెట్టండి. "పనిలో ఉన్నాను" అన్నది పిల్లలకూ పెద్దలకూ అర్థం లేని మాట. "తలుపు మూసి ఉంటే కాల్‌లో ఉన్నాను, తీసి ఉంటే రావచ్చు" అన్నది అందరికీ అర్థమవుతుంది. ఆ నియమాన్ని ముందుగా మీరే పాటించాలి. కాల్ లేనప్పుడు కూడా తలుపు మూసి ఉంచితే వారం తిరిగేలోపు దానికి విలువ పోతుంది.

11. మొదటి వారం: ఒళ్లు చెప్పే తప్పులు

మొదటి వారం ప్రతి సాయంత్రం ఎక్కడ నొప్పిగా ఉందో ఒక్క వాక్యం రాసుకోండి. నొప్పి ఉన్న చోటు కారణాన్ని చాలావరకు చూపిస్తుంది.

- మెడ వెనుక నొప్పి: తెర కిందుగా ఉంది లేదా దూరంగా ఉండి ముందుకు వంగుతున్నారు.
- గడ్డం పైకెత్తినట్లు, మెడ కింద బిగుసుకున్నట్లు: తెర ఎత్తు ఎక్కువ. కళ్లజోడు రకం కూడా చూడండి.
- రెండు భుజాల పైభాగం: బల్ల లేదా చేతి ఆనుడులు ఎత్తు. కుర్చీ పెంచి పాదపీఠం పెట్టండి.
- ఒక్క భుజం: మౌస్ దూరంగా ఉంది.
- మణికట్టు: కీబోర్డు కాళ్లు లేపి ఉన్నాయి లేదా బల్ల పదును అంచు నొక్కుతోంది.
- నడుము: సీటు లోతు ఎక్కువై వీపు ఆనడం లేదు.
- తొడల కింద తిమ్మిరి: సీటు ఎత్తు ఎక్కువ, పాదాలకు ఆధారం లేదు.
- కళ్ల మంట: మొహానికి గాలి తగులుతోంది, లేదా తెర ఎత్తుగా ఉండి కళ్లు పెద్దగా తెరిచి చూస్తున్నారు. తెర దించితే రెప్ప కొంత కప్పుతుంది.
- మధ్యాహ్నం మందకొడితనం, తలబరువు: మూసిన గదిలో గాలి మారడం లేదు. గంటకోసారి కిటికీ తీయండి.

ఒకేసారి రెండు మార్పులు చేయకండి. రెండు చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. ఒక మార్పు చేసి రెండు రోజులు చూసి, తరువాత రెండవది చేయండి. ఎంత చక్కగా కుదిరిన కుర్చీలోనైనా అరగంట నలభై నిమిషాలకు ఒకసారి లేవాలి. అందుకు నీళ్ల సీసాను బల్ల మీద కాక లేచి వెళ్లే దూరంలో పెట్టుకోవడం అలారం కన్నా బాగా పనిచేస్తుంది.

వేళ్లలో తిమ్మిరి రాత్రి నిద్రలో కూడా వస్తున్నా, నొప్పి చేతిలోకో కాలిలోకో పాకుతున్నా ఇక సర్దుబాట్లతో కాలం గడపకుండా వైద్యుడిని కలవండి.

నెల రోజుల తరువాత కుర్చీ బోల్టులు, మానిటర్ బిగింపు మరలు మరోసారి బిగించండి. కొత్త కుర్చీలు మొదటి నెలలోనే వదులవుతాయి, కిర్రుమనే చప్పుడు మైకులో మీకన్నా ముందు అవతలివారికి వినిపిస్తుంది. అదే రోజున ప్లగ్గులను చేత్తో తాకి చూడండి. ఏదైనా వెచ్చగా ఉంటే దాన్ని విప్పి, ఆ సాకెట్ మార్పించేదాకా వాడకండి.